ఇంటి అప్పులో ముప్పు ఎవరిది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ముప్పయ్యేళ్లుగా ఇళ్లు కట్టిస్తున్నావు కదా, ఇళ్ల ధరల గురించీ హోమ్ లోన్ల గురించీ అందరికీ పనికొచ్చేట్టు ఓ అరగంట మాట్లాడు" అన్నారు సంఘం కార్యదర్శిగారు. పొద్దున టిఫిన్ల దగ్గరే ఐదారుగురు పట్టుకుని, హైదరాబాద్‌లో రేట్లు పెరుగుతాయా, అమరావతిలో స్థలం కొనొచ్చా అని అడిగేశారు. ఆ జోస్యం చెప్పేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నేను మాట్లాడదలచింది ధర గురించి కాదు, ముప్పు గురించి. వడ్డీ పెరిగితే, బిల్డరు చేతులెత్తేస్తే, ఉద్యోగం పోతే, ఆ దెబ్బ ఎవరి నెత్తిన పడుతుంది? ఇల్లు కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. మనం మాత్రం చదరపు అడుగు ఎంత అనే దగ్గరే ఆగిపోతున్నాం.

ఈ సభలో రిటైరై, చేతికొచ్చిన డబ్బుతో పిల్లలకు ఫ్లాటు కొనిపెడదామనుకునే మాస్టార్లున్నారు. అరవయ్యో ఏడు దగ్గరపడుతున్నా వాయిదాలు కడుతున్న నా ఈడువాళ్లున్నారు. మొదటి జీతంతోనే బ్యాంకు గుమ్మం ఎక్కిన కుర్రవాళ్లున్నారు. అందరికీ పనికొచ్చే మాటలే చెబుతాను.

అప్పు లేని రోజుల నుంచి

మా నాన్నల తరంలో ఇల్లు ఎలా కట్టేవారో గుర్తు తెచ్చుకోండి. ఓ చీటీ పాడేవారు, పీఎఫ్‌లోంచి కొంత తీసేవారు, ఆవిడ గొలుసు తాకట్టులోకి వెళ్లేది. ప్రభుత్వోద్యోగికైతే హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు. గోడలు లేచాక రెండేళ్లు ఆగి స్లాబు, ఇంకో మూడేళ్లకు గచ్చు. డబ్బు లేకపోతే పని ఆగేది. ఇల్లు ఆలస్యమయ్యేది గాని, మనిషి మునిగేవాడు కాదు.

1977లో హెచ్‌డీఎఫ్‌సీ పుట్టింది. మామూలు ఉద్యోగికి ఇంటి కోసం దీర్ఘకాలం అప్పివ్వడమే పనిగా పెట్టుకున్న సంస్థ అది. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు, 1989లో ఎల్‌ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ వచ్చాయి. 1990లలో వడ్డీ 13, 14 శాతం దాటి ఉండేది. ఆ వడ్డీకి భయపడి మనవాళ్లు కొద్దిగానే తీసుకునేవారు. 2000 తర్వాత వడ్డీ బాగా దిగింది, ప్రభుత్వ బ్యాంకులు పోటీకి దిగాయి. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న హైదరాబాద్‌లో ఐటీ జీతాలు పెరిగాయి. పదవీ విరమణప్పుడు కట్టుకునే ఇల్లు ముప్పయ్యేళ్లకే చేతికి రావడం మొదలైంది.

ఇది మంచి మార్పే. నేను అప్పుకు వ్యతిరేకిని కాదు. కానీ ఆ మార్పులో ఒక సంగతి చాలామంది కళ్లపడలేదు. వడ్డీ స్థిరం కాదు, ఫ్లోటింగ్ అయింది. అంటే వడ్డీ పెరిగే ముప్పు బ్యాంకు నుంచి అప్పు తీసుకున్నవాడి మీదికి బదిలీ అయింది.

బ్యాంకుదీ తప్పేం లేదు. దానికి డబ్బు ఎక్కడిది? మన మాస్టార్లు వేసుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్లే. అవి ఏడాదికో, మూడేళ్లకో, ఐదేళ్లకో. ఐదేళ్ల డిపాజిట్ పెట్టుకుని ఇరవయ్యేళ్లకు ఒకే వడ్డీ అని బ్యాంకు మాటివ్వలేదు. అందుకే ఒకే ఇంట్లో విచిత్రం చూస్తుంటాం. వడ్డీలు పెరిగితే కొడుకు ఏడుస్తాడు, తండ్రి సంతోషిస్తాడు. తగ్గితే కొడుక్కి ఊరట, తండ్రికి డిపాజిట్ తిరగరాసే రోజున బెంగ.

రెపో రేటు మన ఇంట్లోకి ఎలా వచ్చింది

పూర్వం రిజర్వు బ్యాంకు వడ్డీ తగ్గించినా బ్యాంకులు పాత ఖాతాదార్లకు తగ్గించేవి కావు. దీన్ని సరిచేయడానికి 2010లో బేస్ రేటు, 2016లో ఎంసీఎల్‌ఆర్ అనే పద్ధతులు తెచ్చారు. చివరికి 2019 అక్టోబరు 1 నుంచి, బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ గృహరుణాలను రెపో లాంటి బయటి రేటుకు కట్టి తీరాలన్నారు. రెపో అంటే రిజర్వు బ్యాంకు దగ్గర బ్యాంకులు తీసుకునే స్వల్పకాలిక అప్పుకు వడ్డీ. దానిమీద బ్యాంకు తన వాటా కలుపుతుంది. మూడు నెలలకొకసారైనా రేటు సవరించాలి.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. కరోనా వేళ 2020 మేలో రెపో 4 శాతానికి దిగింది. దాదాపు రెండేళ్లు అక్కడే ఉంది. 7 శాతం లోపు వడ్డీకే ఇంటి అప్పు దొరికింది. జనం ఎగబడ్డారు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలై, నూనెలూ పెట్రోలూ ధరలు ఎగిశాయి. ద్రవ్యోల్బణాన్ని పట్టడానికి 2022 మేలో మొదలుపెట్టి 2023 ఫిబ్రవరి నాటికి రెపోను 6.5 శాతానికి పెంచారు. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. అక్కడే రెండేళ్లు నిలబెట్టి, 2025లో నాలుగు విడతలుగా తగ్గించి డిసెంబరుకు 5.25కి తెచ్చారు. ఎక్కడో జరిగిన యుద్ధం వల్ల మన కూకట్‌పల్లి ఫ్లాటు మీది అప్పు లెక్క మారిపోయింది.

గడువు లెక్క

మన లెక్కల మాస్టారు బారువడ్డీ, చక్రవడ్డీ బోర్డు మీద చేయించిన రోజుల్లో ఇది ఎందుకు పనికొస్తుందా అనుకున్నాం. ఇప్పుడు కాస్త చేద్దాం.

50 లక్షల అప్పు, 7 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెల వాయిదా 38,765 రూపాయలు. వడ్డీ 9 శాతమైతే, అదే 20 ఏళ్లకు వాయిదా 44,986 కావాలి. తేడా నెలకు 6,221. సంసారానికి అది భారమే గాని, మోయగలిగిన భారమే.

ఇప్పుడు రెండో దారి. వాయిదా పెంచకుండా 38,765 దగ్గరే ఉంచి, గడువు పెంచుకుంటూ పోతే? 50 లక్షల మీద 9 శాతం వడ్డీ నెలకు 37,500. వాయిదాలో అసలుకు జమయ్యేది 1,265 రూపాయలే. అప్పు తీరడానికి 458 నెలలు పడుతుంది. అంటే 38 ఏళ్ల 2 నెలలు. మొత్తం కట్టేది కోటీ 77 లక్షలు దాటుతుంది. వాయిదా పెంచుకుని ఉంటే కోటీ 8 లక్షలతో తీరేది. నెలకు ఆరు వేలు మిగిలాయనుకుంటే, చివరికి పోయేది దాదాపు 70 లక్షలు.

నిజానికి బ్యాంకులు అంత దూరం పోనివ్వవు. గడువు 30 ఏళ్లనో, మనిషి వయసు 70, 75 అనో హద్దు పెట్టి, అక్కడి నుంచి వాయిదా పెంచుతాయి. కానీ ఆ హద్దు వచ్చేదాకా గడువే పెరుగుతూ పోతుంది. వాయిదా మారలేదు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. మా బ్యాచ్ మిత్రుడొకడు 2023లో స్టేట్‌మెంటు తెచ్చి చూపించాడు. 58 ఏళ్లకు తీరాల్సిన అప్పు 70 దాటాక తీరుతుందని ఉంది. జీతం ఆగిపోయాక పన్నెండేళ్లు వాయిదా! అతనికి కోపం రాలేదు, భయం వేసింది. "నెలనెలా అదే డబ్బు పోతోంది కదా, అంతా సవ్యంగానే ఉందనుకున్నాను" అన్నాడు.

మరో సంగతి. 9 శాతానికి 20 ఏళ్ల అప్పులో సగం అసలు తీరేది పదేళ్లకు కాదు, పద్నాలుగేళ్లకు. మొదటి వాయిదా 44,986లో అసలు కింద జమయ్యేది 7,486 మాత్రమే. అందుకే మొదటి ఏళ్లలో అదనంగా కట్టిన ప్రతి రూపాయికీ విలువ ఎక్కువ. ఏటా ఒక్క వాయిదా అదనంగా కడితే ఈ అప్పు మూడేళ్లకు పైగా ముందే తీరుతుంది.

మీకున్న హక్కులు

రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న ఒక ఆదేశం ఇచ్చింది. రేటు మారినప్పుడు దాని ప్రభావం వాయిదా మీద ఎంత, గడువు మీద ఎంత అనేది ఖాతాదారుకు చెప్పాలి. వాయిదా పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంతా అని అడగాలి. కొంతగానీ మొత్తంగానీ ముందే కట్టే వీలు ఉండాలి. గడువు పొడిగించినప్పుడు, వాయిదా వడ్డీకి కూడా చాలని పరిస్థితి రానివ్వకూడదు. ఎంత గడువు మిగిలిందో మూడు నెలలకొకసారి స్టేట్‌మెంటులో చూపాలి.

ఫ్లోటింగ్ వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పు ముందే తీర్చేస్తే వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదని 2012లోనే బ్యాంకులకు చెప్పారు. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లే జరిగితే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఇది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

ఇవన్నీ కాగితం మీదున్న హక్కులు. అడిగినవాడికే దక్కుతాయి. మరో మాట, రెపోకు కట్టాలన్న నియమం బ్యాంకులకే. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు సొంత రేటును బట్టి వడ్డీ వేసుకోవచ్చు. 2019కి ముందు తీసుకున్న బ్యాంకు అప్పులు కొన్ని ఇంకా పాత పద్ధతిలోనే ఉన్నాయి. మీ అప్పు ఏ రేటుకు కట్టి ఉందో రేపే బ్యాంకులో అడగండి. ఇప్పుడు వడ్డీ తగ్గింది కదా అని వాయిదా తగ్గించమనకండి. అదే వాయిదా కడితే, 2022, 23లో పెరిగిన గడువు వెనక్కి వస్తుంది.

అమెరికాలో మనవాళ్లు

డల్లాస్, న్యూజెర్సీల నుంచి వచ్చిన మిత్రులు ఇది వింటూ నవ్వుకుంటూ ఉండొచ్చు. అక్కడ 30 ఏళ్లకు ఒకే వడ్డీ. 1930ల మహామాంద్యంలో లక్షల ఇళ్లు వేలానికి పోయాక, ప్రభుత్వం 1934లో ఎఫ్‌హెచ్‌ఏని, 1938లో ఫ్యానీ మేని పెట్టి దీర్ఘకాలిక స్థిర వడ్డీ అప్పును నిలబెట్టింది. బ్యాంకు ఆ అప్పుల్ని అమ్మేస్తుంది. వాటిని మూట కట్టి బాండ్లుగా మారుస్తారు. వడ్డీ పెరిగే ముప్పు ఆ బాండ్లు కొన్నవాడిది.

2021 జనవరిలో అక్కడ సగటు వడ్డీ 2.65 శాతానికి దిగింది. 2023 అక్టోబరుకు దాదాపు 7.8 అయింది. ముందు తీసుకున్నవాడి అప్పు వాయిదా డాలరు కూడా మారలేదు. కానీ ఆ ఇల్లు అమ్మి వేరే ఊరు వెళ్దామంటే కొత్త అప్పుకు మూడింతల వడ్డీ. అందుకని అమ్మేవాళ్లు తగ్గారు, ధరలు దిగలేదు, కొత్తగా కొనే కుర్రవాళ్లు చిక్కుల్లో పడ్డారు.

స్థిర వడ్డీ ఉందని ముప్పు పోలేదు. మొదట తక్కువ వాయిదాతో ఊరించి తర్వాత పెంచే అప్పుల్ని, మోయలేనివాళ్లకు అంటగట్టడం వల్లనే కదా 2008 సంక్షోభం వచ్చింది. ఆ సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ కూలితే, ఇక్కడ హైదరాబాద్‌లో ఐటీ నియామకాలు తగ్గి, కట్టిన ఫ్లాట్లు అమ్ముడుపోక మా సైట్ల మీద పని మందగించింది. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజులే గడువు. అప్పు 30 ఏళ్లది, వీసా ధీమా 60 రోజులది. ఇక్కడ వడ్డీ కదులుతుంది, అక్కడ మనిషి కాళ్ల కింద నేల కదులుతుంది.

బిల్డరు ముప్పు

ఇక మాస్టార్లు ప్రత్యేకంగా వినాల్సిన భాగం. "ప్రీ లాంచ్ ఆఫర్, మార్కెట్ రేటులో సగానికే, డబ్బు మాత్రం ఒకేసారి కట్టాలి" అనే ప్రకటనలు మీ ఫోన్లకూ వస్తుంటాయి. బ్యాంకు అప్పివ్వడానికి ఒప్పుకోని దశ అది. అనుమతులు లేవు, కొన్నిచోట్ల స్థలం కూడా ఇంకా చేతిలో లేదు. మరి బ్యాంకు తీసుకోనంటున్న ముప్పును, పింఛను తప్ప మరో రాబడి లేని మనిషి ఎందుకు తీసుకోవాలి? నాకు బాగా తెలిసిన ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మన బడి వారు కాదు, గ్రాట్యుటీ, పీఎఫ్ కలిపి ఒక సంస్థకు ఇచ్చేశారు. నా దగ్గరికి తెచ్చిన సంచిలో రంగుల బ్రోచరు, ఒప్పంద పత్రం, రసీదు ఉన్నాయి. రెరా నంబరు లేదు. భూమి మీద కోర్టు వివాదం ఉంది. ఆయన ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు.

2016లో వచ్చిన రెరా చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలోగానీ, ఎనిమిది ఫ్లాట్లకు మించిగానీ కట్టే ప్రాజెక్టుకు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. కొనేవాళ్లిచ్చిన డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు భూమికి, కట్టుబడికే వాడేలా విడి ఖాతాలో ఉంచాలి. అప్పగించాక ఐదేళ్లలో నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే బాగుచేయాలి. ఇంజినీరుగా చెబుతున్నాను, ఈ చివరి నిబంధన చాలామంది వాడుకోవడమే లేదు. బీములో పగులు కనిపిస్తే సున్నం పూసేసి ఊరుకుంటారు.

రెరా నంబరు ఉన్నంత మాత్రాన సరిపోదు. ముప్పయ్యేళ్ల ఈసీ తీయించండి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి, చెరువు ఎఫ్‌టీఎల్‌లో గానీ బఫర్ జోన్‌లో గానీ స్థలం ఉందేమో చూడండి. హైదరాబాద్‌లో 2024లో హైడ్రా వచ్చాక చెరువుల కూల్చివేతలు అందరం టీవీల్లో చూశాం. కూలిన ఇంటి మీద అప్పు మాత్రం కూలదు. అమరావతి చుట్టుపక్కల స్థలాల ధరలు 2014 తర్వాత ఎలా ఎగిశాయో, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఎలా పడ్డాయో ఇక్కడున్న చాలామందికి స్వానుభవం. ప్రభుత్వ నిర్ణయం మీద నిలబడిన ధర మీద అప్పు చేయకూడదు.

మా లెక్కలో ఇల్లు, మీ లెక్కలో అప్పు

మేం కాంక్రీటు స్లాబు డిజైన్ చేసేటప్పుడు, దాని మీద నిజంగా పడే బరువుకు లెక్కవేయం. ఐఎస్ 456 కోడ్ ప్రకారం మామూలుగా ఒకటిన్నర రెట్లు బరువుకు వేస్తాం. పెళ్లి జనం ఒక్కసారి ఎక్కినా నిలబడాలి కదా. కానీ ఆ స్లాబు కింద కాపురముండే మనిషి మాత్రం తన జీతం ఎంత మోయగలదో సరిగ్గా అంతకే అప్పు చేస్తున్నాడు. బ్యాంకు ఎంత ఇస్తానంటే అంత తీసుకుంటున్నాడు.

కోటి రూపాయల ఫ్లాటు తీసుకోండి. 75 లక్షలు బ్యాంకు ఇస్తుంది. 8 శాతానికి 20 ఏళ్లకు వాయిదా దాదాపు 62,700. మిగతా 25 లక్షలే కాదు, రిజిస్ట్రేషన్‌కు రెండు రాష్ట్రాల్లోనూ సుమారు ఏడున్నర శాతం, కట్టుబడిలో ఉన్నదైతే 5 శాతం జీఎస్టీ, ఆపైన చెక్కపని. అదే ఫ్లాటు అద్దెకు తీసుకుంటే నెలకు పాతిక, ముప్పై వేలు. అద్దె వృథా అని అందరూ అంటారు. మొదటి ఏడాది నెలకు 50 వేల దాకా వడ్డీకే పోతుందని ఎవరూ అనరు. సొంతిల్లు వద్దని కాదు నేను చెప్పేది. మనిషికి తనదంటూ ఒక గడప కావాలి. ఆ గడప దాటి నిద్ర పట్టాలి కూడా.

అందుకని అప్పు చేసే ముందు మూడు పరీక్షలు పెట్టుకోండి. వడ్డీ 2 శాతం పెరిగితే, గడువు పెంచకుండా వాయిదా కట్టగలరా? ఇంట్లో ఒక జీతం ఆరు నెలలు ఆగితే నడుస్తుందా? అప్పు మీ ఉద్యోగ విరమణకు ముందే తీరుతుందా? ఈ మూడింటికీ అవుననగలిగితే నిశ్చింతగా తీసుకోండి. కాదంటే చిన్న ఇల్లు చూడండి, లేదా రెండేళ్లు ఆగండి. అప్పుకు సరిపడా టర్మ్ ఇన్సూరెన్సు తీసుకోండి. బ్యాంకువాళ్లు అంటగట్టేదే తీసుకోవాలని లేదు.

గురువులకు ఒక విన్నపం. రిటైర్‌మెంటు డబ్బు మొత్తం పిల్లల ఫ్లాటులో పెట్టేయకండి. సహ రుణగ్రహీతగానో, హామీదారుగానో సంతకం చేసే ముందు ఆ కాగితం ఒక్కసారి చదవండి. వాయిదా 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, కోర్టులో దావా వేయకుండానే ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకుకుంది. మీ పేరు కూడా ఆ నోటీసులో ఉంటుంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ రోజుల్లో కట్టడం మా ఇంజినీర్లం చూసుకుంటాం. అప్పు పత్రంలో గడువు గడి మాత్రం మీరే చూసుకోవాలి. ఈ సాయంత్రం ఇంటికెళ్లాక మీ లోన్ స్టేట్‌మెంటు తీసి, చివరి వాయిదా ఏ సంవత్సరంలోనో చదవండి. ఆ సంవత్సరానికి మీ వయసెంతో పక్కన రాసుకోండి. సంఖ్య నచ్చకపోతే సోమవారం బ్యాంకుకు వెళ్లండి.

 లెక్కల్లో ఎక్కడైనా పొరపాటుంటే సరిదిద్దడానికి మా మాస్టార్లు ముందు వరసలోనే ఉన్నారు. సెలవు.